తలకిందులైన వరస

పోయిన శుక్రవారం పొద్దున తాడిపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, మా అమ్మ పోయి నాలుగు దినాలైంది. నీకు చెప్పాలని ఇప్పుడు తోచింది" అంది ప్రెస్సమ్మ చిన్న కూతురు.

"ఎట్ల పోయిందమ్మా?" అని అడిగాను.

"ఎట్లనేముంది, నడుస్తా నడుస్తా పోయింది. వంటింట్లో నుంచి వాకిట్లోకి వస్తాంది. గోడ పట్టుకొనింది. అంతే."

ఫోన్ పెట్టేశాక నాకు కుదురు చిక్కలేదు. లేచి వీధిగుమ్మం దాకా పోతాను, మళ్ళీ లోపలికి వస్తాను, పేపరు తీస్తాను, పెట్టేస్తాను. "ఏందిట్ల కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అంది మా ఆవిడ. ఏం చెప్పను? యాభై ఏళ్ళ కిందటి సంగతి. అందులో సగం మా ఆవిడకు కూడా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. ఒకసారి సర్కారు కాగితాల్లోకి పేరు ఎక్కి ఆమె పడ్డ పాట్లు చాలు. అనంతపురం పాతూరులో అప్పట్లో అందరూ ఆమెను ప్రెస్సమ్మ అనేవాళ్ళు. భర్త పోయాక ఆయన వదిలిపోయిన ట్రెడిల్ మిషన్ని అమ్మకుండా తానే తొక్కింది. కాలితో తొక్కితే తిరిగే అచ్చు యంత్రం అది. ఒక చేత్తో కాగితం పెట్టాలి, ఇంకో చేత్తో తీయాలి, రెంటి మధ్యా వేళ్ళు నలగకుండా చూసుకోవాలి. ఆమె కుడికాలు ఆ మిషన్ దగ్గర లేనప్పుడు కూడా తొక్కుతూనే ఉండేది. గడప మీద నిలబడి అన్నం తింటున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా, మడమ లేస్తూ దిగుతూ ఉండేది. ఒకచోట నిలిచేది కాదు. ఒక మాట గదిలో మొదలుపెడితే దాని చివర వాకిట్లో వినపడేది. వాకిట్లోకి పోయి ఆకాశం చూసి, "యాడుండాది వాన" అని తిట్టి, మళ్ళీ వచ్చి అక్షరాలు ఏరుకునేది.

తెలుగు బాగా చదివేది. ఇంగ్లీషు రాదు. రాదంటే, తిన్నగా ఉంటే రాదు. సీసపు అక్షరాలు అచ్చులో తిరగబడి ఉంటాయి కదా, అట్లా తిరగబడి ఉంటేనే ఆమెకు పోలికలు తెలిసేవి. వాటికి ఆమె సొంత పేర్లు పెట్టుకుంది. ఈ అంటే దువ్వెన. ఎఫ్ అంటే పన్నూడిన దువ్వెన. జీ కొడవలి. యూ దోసిలి. ఆర్ అంటే కాలు చాపుకున్నోడు. పెళ్ళి కార్డుల మీద ఎవరైనా డాక్టరు పేరూ డిగ్రీలూ ఇంగ్లీషులో వేయమంటే, "రెండు కొడవండ్లు, ఒక దోసిలి" అని గొణుక్కుంటూ తప్పు లేకుండా పేర్చేది. "చూసి పెట్టు, పెట్టినాక చూడు" అనేది తనకు తానే, రోజుకు వందసార్లు.

నేను ఆమెను మొదట చూసింది బంగ్లాదేశ్ యుద్ధం మొదలయ్యే ముందు రోజుల్లో. పోస్టాఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. మా నాయనది ధర్మవరంలో మగ్గం. ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటివాణ్ణి నేనే, ఆ ఉద్యోగమూ ఇంకా ఖాయం కాలేదు. అప్పుడు సరిహద్దు దాటి లక్షలమంది శరణార్థులు వచ్చిపడ్డారు. వాళ్ళ కోసం ప్రతి కవరు మీదా మామూలు తపాలా బిళ్ళతో పాటు ఐదు పైసల బిళ్ళ ఒకటి అదనంగా అంటించాలని ఉత్తర్వు వచ్చింది. ఆ బిళ్ళ కొత్తగా అచ్చయి వచ్చేదాకా ఆగే వీల్లేదు. ఉన్న ఐదు పైసల బిళ్ళ మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని ఇంగ్లీషులో రెండు మాటలు కొట్టి అమ్మమన్నారు. ఆ బిళ్ళ కుటుంబ నియంత్రణది. ఎర్రగా ఉంటుంది. తల్లీ తండ్రీ పిల్లలూ బొమ్మ.

మొదట రబ్బరు ముద్ర చేయించారు. కొట్టేది నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకా కొట్టేవాణ్ణి. మణికట్టు వాచింది. బిళ్ళ కాగితం నునుపు, సిరా తొందరగా ఆరదు. జనం అంటించుకునేసరికి వాళ్ళ వేళ్ళ నిండా ఊదారంగు. "ఇదేం బిళ్ళప్పా, అలుక్కపోయినట్టుండాది" అని కౌంటరు దగ్గర కేకలు. మా పోస్టుమాస్టరు శుద్ధమైన మనిషి, మరక చూడలేడు. పైవాళ్ళను అడిగి, ఊళ్ళోనే ప్రెస్సులో అచ్చు కొట్టించడానికి ఒప్పించాడు. బిళ్ళల షీట్ల కట్ట నా సంచిలో పెట్టి, "లెక్క నీది. ఒక్క బిళ్ళ తేడా వచ్చినా ఉద్యోగం నీది కాదు" అన్నాడు.

నేను పోయేసరికి ఆమె, పోస్టుమాస్టరు ముందే పంపిన రబ్బరు ముద్రను పక్కన పెట్టుకుని, కేసుల ముందు నిలబడి చిన్న చాకుతో ఏదో గీకుతోంది. అక్షరాలు ఒక్కో రకం ఒక్కో గడిలో ఉండే చెక్క అరలను కేసులంటారు.

"పోస్టాఫీసాయప్పవా? రా. నీ మాటలో పన్నూడిన దువ్వెనలు శానా ఉండాయి. నా కాడ అన్ని లేవు."

లెక్క చెప్పింది. ఒక బిళ్ళకు రెండు ఎఫ్‌లు. వరసకు పది బిళ్ళలు, అంటే ఇరవై ఎఫ్‌లు. తెలుగు కార్డులు కొట్టే ప్రెస్సులో ఇంగ్లీషు అక్షరాలు ఎన్నుంటాయి? ఉన్నవి పదకొండు. మిగతావాటికి పాత ఈలు ఏరి, వాటి కింది గీతను చాకుతో తెగ్గోస్తోంది. "దువ్వెనకు ఒక పన్ను పీకితే సరిపాయ" అంది. కోసినచోట చిన్న మొండి మిగిలేది. అందుకే మా ఊరి బిళ్ళల్లో ప్రతి వరస చివరా ఎఫ్ కాలి దగ్గర ఆ మొండి కనపడుతుంది.

షీటు మొత్తానికీ పేర్చేంత అక్షరాలు లేవు కాబట్టి ఒక్క వరసకే పేర్చింది. అన్ని షీట్లనూ మొదటి వరసకు ఒకసారి కొట్టాలి. అది ఆరాక హద్దు జరిపి, కట్ట మొత్తం రెండో వరసకు. అట్లా పదిసార్లు. హద్దుకోసం మిషన్ పలక మీద అట్టముక్కలు అంటించింది. షీటు వాటికి ఆనుకుంటే అక్షరాలు ప్రతిసారీ ఒకేచోట పడతాయి. బిళ్ళల వెనక జిగురు ఉంటుంది కదా, మన ఎండకు ఆ షీట్లు అప్పడాల్లా చుట్టుకుపోయేవి. వాటిని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన రోకలి పెట్టి అణిచింది.

అసలు బిళ్ళ మీద కొట్టే ముందు పల్చటి నూనె కాగితం మీద కొట్టి, దాన్ని బిళ్ళ మీద పరిచి చూసింది. చూసి ఆగిపోయింది. నేను ఆమెను ఆగి చూసిన రెండుమూడు సందర్భాల్లో అదొకటి.

"ఈ యమ్మ మొగం మీద పడ్తాంది."

"నడిమధ్య పడాలన్నారు పోస్టుమాస్టరు గారు" అన్నాను.

"దిక్కులేనోళ్ళకు ఇచ్చేది గదప్పా ఇది? ఇచ్చే బిళ్ళ మీద తల్లి మొగానికి మసి పూస్తారా? అంకె కనపడాల, మొగాలు కనపడాల. నడుమ యాడ చోటుంటే ఆడ కొడ్తా. మీ సారుకు నేను చెప్పుకుంటా."

అట్లా చేయడానికి గంటసేపు పట్టింది. అక్షరాల చుట్టూ ఉండే ఇనుప చట్రాన్ని విప్పి, సన్నటి రేకుముక్కలు తీసి పెట్టి, బిగించి, చూసి, మళ్ళీ విప్పి. నా ప్రాణం మీదికి వచ్చింది. అక్కడ కౌంటరు దగ్గర జనం. ఇక్కడ ఈమె ఏదో బొమ్మ ముఖం కోసం రేకులు కత్తిరిస్తోంది. కానీ ఆమె అనుకున్నచోటే పడింది. పిల్లల కాళ్ళ మీదుగా, నల్లగా, సన్నగా.

మర్నాడు నాలుగో వరస నడుస్తోంది. సాయంత్రం కావస్తోంది. ఆ ఏడు వానల్లేక శెనక్కాయ చేలు ఎండి గుల్లయిపోయాయి. ఉన్నట్టుండి చీకటి కమ్మి, కిటికీ రెక్కలు కొట్టుకుని, వాన మొదలైంది. సందులో ఒకటే అరుపులు. ముసలివాళ్ళు కూడా తడవడానికి బయటికి వచ్చారు. కిటికీ దగ్గర ఆరబెట్టిన షీట్ల మీదికి జల్లు. జిగురుకు తడి తగిలిందా, అన్నీ ఒక్క ముద్దయిపోతాయి. నేను పరిగెత్తి వాటిని రెండు చేతులా ఎత్తుకుని తెచ్చి మిషన్ పక్కన బల్ల మీద పెట్టేశాను. పెట్టి, నేనూ వాకిట్లోకి పోయాను. వాన చూడాలి కదా. ఆమె కూడా తొక్కుతూనే మెడ తిప్పి వాననే చూస్తోంది. చేతులు వాటంతట అవి కాగితం పెడుతున్నాయి, తీస్తున్నాయి.

లోపల మిషన్ ఆగింది. "అయ్యో" అని వినపడింది.

పోయి చూస్తే మూడు షీట్లు. నేను హడావుడిలో కట్టను తలకిందులు చేసి పెట్టాను. నాలుగో వరస ఖాళీగా ఉంది. కింద ఏడో వరసలో మాటలు తలకిందులుగా పడ్డాయి. సరిగ్గా ఆ తల్లుల తలల మీద.

"కాల్చేద్దామక్కా" అన్నాను.

"మూడు షీట్లు తగ్గుతాయి. లెక్క నీదంటివే."

"తడిసి పాడయినాయని చెప్తా."

"తడిసినవి చూపీమంటే? అచ్చు తప్పు పోతాది, అబద్ధం చెప్తే పోదప్పా. మూడు షీట్లు తిరగబడినాయని చెప్దాం."

"నా ఉద్యోగం పోతాదక్కా. ఇంకా పర్మినెంటు కాలేదు. మా నాయన..." అన్నాను. ఆ తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు, ఏడ్చాననుకుంటా. ఆమె నా వైపు చూడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది.

"సరే, నిమ్మళంగుండు. నా చేతిలో తిరగబడిందని చెప్తాలే."

చెప్పింది. పోస్టుమాస్టరు ముందు నిలబడి, "మిషన్ నాది, తప్పు నాది సార్" అంది. ఆయన ఆ మూడు షీట్లూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. మిగతావి అచ్చయ్యాయి, అమ్ముడుపోయాయి. అంతటితో పోయిందనుకున్నాం.

పోలేదు. పదిహేను రోజులకు పైనుంచి ఇద్దరు విచారణకు వచ్చారు. తలకిందులుగా పడిన బిళ్ళలకు సేకరించేవాళ్ళ దగ్గర గిరాకీ ఉంటుందట. ఈమె కావాలనే తిప్పిందని, ఇంకెన్ని తిప్పి దాచిందో చూడాలని వాళ్ళ అనుమానం. ప్రెస్సూ ఇల్లూ ఒకటే కదా, పరుపులు కూడా విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. సాక్ష్యమని ఆమె ఇంగ్లీషు అక్షరాలన్నీ గోనెసంచిలో పోసి మూతి కట్టారు. సందంతా వాకిళ్ళలో నిలబడి చూసింది.

నన్ను ఆమె ఎదురుగానే అడిగారు. "కట్ట బల్ల మీద పెట్టింది ఎవరు?"

ఆమె అప్పుడు నా వైపు చూసింది. అడిగినట్టు లేదు ఆ చూపు, బతిమాలినట్టూ లేదు. ఊరికే చూసింది. ఆమె కాలు ఆడటం లేదు. అది నేను గమనించాను.

"నాకు తెలీదు సార్. వాన చూడ్డానికి బయటికి పోయినాను" అన్నాను.

బయటికి పోయిన మాట నిజమే. నన్ను వదిలేశారు. కేసు అంటూ ఏమీ పెట్టలేదు, పెట్టలేదని కూడా ఎవరూ చెప్పలేదు. అక్షరాల సంచి తిరిగి రాలేదు. సర్కారు ఆఫీసుల పని ఆగింది. ఆ తర్వాత సందులోవాళ్ళ పనీ ఆగింది. ఎదురింట్లో దర్జీ ఉండేవాడు, ఆమె భర్తకు జతగాడు. కూతురి పెళ్ళి కార్డులు ఈమె దగ్గరే కొట్టించాల్సింది, సగం పేర్చిన కార్డును వద్దని వేరే ప్రెస్సుకు పోయాడు. ప్రెస్సమ్మ అన్న నోళ్ళే బిళ్ళల దొంగ అన్నాయి. నేను ఆ సందులోకి పోవడం మానేశాను. ఇంటికి అదే దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఒకరోజు నా సైకిలు ఆ మలుపు దగ్గరికి వచ్చి దానంతట అదే ఆగినట్టనిపించింది. దిగి, వెనక్కి తిప్పుకుని పోయాను. మరుసటి ఏడు ఉద్యోగం ఖాయమైంది. ఆ నెలలోనే అడిగి మరీ మడకశిరకు బదిలీ చేయించుకున్నాను.

మడకశిరలో ఉన్నాను, పెనుకొండలో ఉన్నాను, కదిరిలో ఉన్నాను. ఎక్కడా రెండేళ్ళకు మించి నిలవలేదు. ఎందుకప్పా ఇట్లా తిరుగుతావని ఆఫీసువాళ్ళు నవ్వేవాళ్ళు. ముప్పై ఏళ్ళ తర్వాత తాడిపత్రిలో సబ్ పోస్టుమాస్టరుగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర ఎవరో గొడవ పడుతున్నారు.

"తారీకు కనపడేటట్ల కొట్టలేవా? అంత సిరా పూస్తే అలుక్కపోకుండా ఏమయితాది?"

గొంతు విని లేచి కౌంటరు దగ్గరికి పోయాను. తలంతా నెరిసింది. ముసుగు కింద అదే మొహం. కౌంటరు కింద కాలు ఆడుతూనే ఉంది. కూతుర్ని ఈ ఊరికిచ్చిందట. మిషన్ని కూడా వెంటపెట్టుకుని వచ్చేసింది. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలకు బిల్లు బుక్కులు కొడుతోంది.

నన్ను గుర్తుపట్టింది. "లావైనావు" అంది. అంతే.

తర్వాత నెలకు రెండుసార్లు వచ్చేది. ప్రతిసారీ చెప్పాలనుకునేవాణ్ణి. నోరు తెరిచేలోపల ఆమె ఇంకో కౌంటరు దగ్గర ఉండేది. చివరికి ఒక ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వరండాలోనే మిషన్. బండల దుమ్ము పడకుండా దానికి పాత దుప్పటి కప్పి ఉంది. నిలబడే చెప్పాను. ఆ రోజు నువ్వు నా వైపు చూసినావు, నేను తెలీదన్నాను, క్షమించక్కా అని. ఆమె విన్నది. నడుస్తూనే విన్నది.

"ఆ పొద్దు నా మీద ఎందుకేసుకున్నావక్కా?" అని కూడా అడిగాను.

"మూడు షీట్లే గదా, తిడ్తారు, పోతాది అనుకొంటి. నా అక్షరాలు మూట గట్టుకొని పోతారని తెలిసుంటే నీ పేరే చెప్పుండేదాన్ని." వాకిట్లోకి పోయి మళ్ళీ వచ్చింది. "ఇప్పుడు నాకు చెప్పినావు. నీకు నిద్ర పడ్తాది. నాకేమొస్తాది దీంట్లో?"

"ఏం చేయమంటావు?"

"రాసియ్యి. నోటితో గాదు, చేత్తో గాదు. అచ్చులో."

కంపోజింగ్ నాచేతే చేయించింది. మూడు ఆదివారాలు పట్టింది. తెలుగు గుణింతాల గడులు వెతకలేక నా కళ్ళు నీళ్ళు కారేవి. ఒత్తులు కిందామీదా అయ్యేవి. "తప్పు ఒప్పుకునేది గూడా తప్పులతోనేనా?" అని నేను పేర్చిన వరసను వేలితో చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టించేది. ఎనిమిది వరసలు. ఫలానా ఏడు, ఫలానా ఊళ్ళో, మూడు షీట్లు తిప్పి పెట్టింది నేనే, విచారణలో దాచింది నేనే, కింద నా పేరు, నా హోదా. మూడో ఆదివారం ఆమె తొక్కింది. ఒక కాపీ తీసి ఆరనిచ్చి, కవర్లో పెట్టి, సోమవారం నా ఆఫీసుకే తెచ్చింది.

"రిజిస్టరు చెయ్యి. పెద్దాఫీసుకు."

రసీదు రాశాను. బరువు చూశాను. బిళ్ళలు అంటించాను. ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉంది, ఆ తర్వాత పెన్షను. సాయంత్రం సంచి కట్టేదాకా ఆ కవరు నా బల్ల మీదే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లూ పెట్టేశాను. మూడోసారి సంచిలో వేసి, మూతి కట్టి, లక్క వేసి, రైలుకు నేనే దగ్గరుండి ఎక్కించి వచ్చాను. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి.

జవాబు నాకు రాలేదు. ఆమెకు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వరసలు. "తిన్నగా ఉండాది, నాకు రాదు. చదువు" అంది.

చదివాను. మీరు పంపిన కాగితం అందింది. మీరు చెప్పిన సంగతికి సంబంధించిన ఫైలు ఏదీ మా దగ్గర లేదు. మీ మీద ఏ కేసూ ఉన్నట్టు రికార్డు లేదు. చర్య తీసుకోదగిన విషయం కాదు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"లేదంటనా? ఏ కేసూ లేదంటనా?" ఆమె గొంతు పైకి లేచింది. "మరి నేను యాలప్పా ఊరిడిసి వచ్చింది?"

ఆమె లోపలికి పోయింది. చెప్పులేసుకుని, ముసుగు సర్దుకుని వచ్చింది. "పా. అనంతపురం పోదాం."

"ఇప్పుడా? ఎండ చూడక్కా."

"నా మిషన్నేమన్నా మోయమన్నానా? కాగితం చదివేదే గదా. పా."

బస్సెక్కాం. పాతూరులో దిగి ముందు నడిచింది. ఆ సందులోకి నేను అడుగుపెట్టి ముప్పై ఏళ్ళు. డాబాలు లేచాయి, నీళ్ళ ట్యాంకులు లేచాయి. ఆమె మొదటి ఇంటి తలుపు కొట్టింది. కొత్త కోడలు తెరిచింది. "ఇది పెద్దాఫీసు కాగితం. విను" అని నా వైపు చూసింది. నేను తెలుగులో చదివాను. ఆ పిల్ల ఏమీ అర్థంకాక, "నీళ్ళు తాగుతారామ్మా?" అంది. రెండో ఇంట్లో వాళ్ళు మమ్మల్ని ఏదో సర్వేవాళ్ళనుకున్నారు. మూడో ఇల్లు తాళం. చొక్కా వీపుకు అతుక్కుపోయింది నాకు. ఎంత తొందరగా అయిపోతే అంత బాగుండుననిపిస్తోంది. ఆమె మాత్రం ఒక్కో గడపా దిగి ఇంకో గడప ఎక్కుతోంది, నేను వెంట పోతున్నాను.

దర్జీ బతికే ఉన్నాడు. వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. చూపు బాగానే ఉంది, వినపడటం తగ్గింది. ఆమెను చూసి లేచి కూర్చున్నాడు. "నువ్వా!" అన్నాడు.

"నేనే భాయ్. కాగితమొచ్చింది, విను."

"గట్టిగా చదువప్పా, నాకు ఇనపడదు" అన్నాడు నాతో.

గట్టిగా చదివాను. చుట్టుపక్కల నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. స్కూటరు ఆపి ఒకతను నిలబడ్డాడు. కాగితం చివరికొచ్చింది. ఇంగ్లీషు వరసలు అయిపోయాయి. నేను ఆపలేదు. కాగితం వైపే చూస్తూ, "ఆ బిళ్ళల షీట్లు తలకిందులుగా పెట్టింది ఈమె కాదు. అప్పుడు పోస్టాఫీసు గుమాస్తాగా ఉన్న మనిషి. విచారణలో అతను నిజం చెప్పలేదు" అని చదివి, నా పేరు, మా నాయన పేరు, మా ఊరు కూడా చదివాను.

"నువ్వు దొంగవని నేనెప్పుడూ అనుకోలేదు తల్లీ" అన్నాడు దర్జీ ఆమెతో.

"అనుకోకుంటే కార్డులు యాల వాపసు తీసుకున్నావు?"

ఆయన తల దించుకున్నాడు. దుప్పటి కొస చేత్తో నలిపాడు. కొంతసేపటికి కోపం వచ్చింది ఆయనకు, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. "ఆ గుమాస్తా నాకొడుకు ఇంతకాలం ఏం చేస్తాండె? ఇప్పుడు యాడుండాడు వాడు?"

"యాడనో ఎందుకు?" అంది ఆమె. "నీ గడప మీద నిలబడి చదివింది వాడే."

అందరూ నా వైపు తిరిగారు. దర్జీ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. చూపు తిప్పుకోకుండా నిలబడ్డాను. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, అందరికీ కనపడేటట్టు ఒకసారి ఎత్తి చూపించి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"ఇంకా నాలుగిండ్లుండాయి. పా" అంది.

ఆ నాలుగిళ్ళలోనూ చివరి మాటలు నా పేరుతో సహా చదివాను. ఆమె అడగకుండానే.